నలుగురూ కాదనే సలహాలు

చిన్నపిల్లల గురించి ఇక్కడ రాస్తున్న మాటలు ఖానాపురం హవేలిలో ఏ అరుగు మీద కూర్చుని చెప్పినా, పూర్తయ్యేలోపే ఎవరో ఒకరు "అదేం సలహా?" అని అడ్డుపడతారు. వాళ్లను తప్పుపట్టలేం. ఒకప్పుడు పెద్ద పంచాయతీగా ఉండి, తర్వాత ఖమ్మం నగరంలో కలిసిపోయిన ఈ పేటలో పిల్లల చదువు కోసమే బతుకుతున్న కుటుంబాలు చాలా ఉన్నాయి. పక్కనున్న రఘునాథపాలెం తండాల నుంచి, కారేపల్లి, ఏన్కూరు, ఇల్లెందు వైపు నుంచి, ఇంకా దూరాన భద్రాచలం మన్యం నుంచి సొంత ఇంటికి తాళం వేసి వచ్చి, ఇక్కడ ఒక గదీ వంటిల్లూ అద్దెకు తీసుకున్నవాళ్లున్నారు. గ్రానైట్ ఫ్యాక్టరీల పని మీద ఉత్తరాది నుంచి వచ్చి నిలిచిపోయినవాళ్లున్నారు. అద్దె, స్కూలు ఫీజు, ఆటో ఖర్చు అన్నీ పిల్లల పేరు మీదే. అంత కష్టపడే తల్లిదండ్రులు రెండున్నరేళ్లకే ప్లేస్కూలు, మూడేళ్లకు ఏబీసీడీ, ఇంట్లో ఉన్నంతసేపూ ఫోన్‌లో ఇంగ్లిష్ రైమ్స్ అంటూ పరుగెడుతున్నారంటే అది ప్రేమే.

కానీ ఆ పరుగులో ఒకటి జారిపోతోంది. పిల్ల అన్న మాటకు తిరిగి మాట అనేవాళ్లు ఇంట్లో తగ్గిపోతున్నారు. నేర్పడానికి అందరూ సిద్ధం, జవాబు చెప్పడానికి ఎవరికీ తీరిక లేదు. అయిదేళ్లలోపు బిడ్డకు మాటైనా, ఆలోచనైనా, రేపటి చదువైనా ముందు ఆ జవాబుల్లోంచే వస్తుంది. ఈ కింద చెప్పేవన్నీ ఆ ఒక్క సంగతి చుట్టూ తిరిగేవే. ఎదురింటివాళ్లు నవ్వినా, చుట్టాలు కాదన్నా, కొన్నాళ్లు చేసి చూడమని అడుగుతున్నాను.

మాటలు రాని బిడ్డతోనే ఎక్కువ మాట్లాడండి

"దానికేం అర్థమవుతుందని?" అంటారు. రెండు నెలల పసికందుతో పెద్దమనిషితో మాట్లాడినట్టు మాట్లాడే తల్లిని జనం వింతగా చూస్తారు. కానీ మన ఇళ్లలో ఈ పని ఎప్పటినుంచో చక్కగా చేస్తున్నవాళ్లున్నారు. బిడ్డకు నీళ్లు పోసే ముసలమ్మను దగ్గర కూర్చుని గమనించండి. పెరట్లో పీట మీద కూర్చుని కాళ్లు రెండూ బారజాపుకుంటుంది. బిడ్డను కాళ్ల మీద బోర్లా పడుకోబెట్టి నూనె రాస్తూ, "ఏందమ్మా, ఒళ్లు నొప్పులా? నిన్న ఎవరెత్తుకున్నారే నిన్ను?" అని అడుగుతుంది. అడిగి ఊరుకుంటుంది. బిడ్డ 'ఊఁ' అంటుంది. "ఆఁ, మీ మేనత్తేనా? రానీ, దాని పని చెప్తా" అంటుంది. మళ్లీ ఊరుకుంటుంది. వెల్లకిలా తిప్పి, మోకాళ్లు మడిచి పొట్టకు ఆనిస్తూ, చేతులు అటూ ఇటూ చాపుతూ, కాలును కాలని, వేలును వేలని పేరుపేరునా పలకరిస్తుంది. చెంబెత్తి పోయబోయే ముందు "ఇగో నీళ్లొస్తున్నయ్, వస్తున్నయ్" అని హెచ్చరిస్తుంది. కొన్నాళ్లకు ఆ హెచ్చరిక వినగానే బిడ్డ ఒళ్లు బిగబట్టడం మొదలెడుతుంది. ముందు మాట, ఆ వెనకే నీళ్లు అని దానికి తెలిసిపోయింది.

ఆమె చేస్తున్న పనిలో అడగడం ఎంత ముఖ్యమో, అడిగాక ఊరుకోవడం అంతకన్నా ముఖ్యం. ఆ ఊరుకున్న కాసేపట్లోనే బిడ్డ తన వంతు తీసుకుంటుంది. చాలామంది తల్లిదండ్రులు గుక్క తిప్పుకోకుండా మాట్లాడతారు గానీ ఆ వంతు వదలరు. ప్రశ్న అడిగి మనసులో అయిదు లెక్కపెట్టుకోండి. కన్ను తిప్పినా, కాలు ఆడించినా, బుడగలు ఊదినా అదే జవాబు. దానికి మళ్లీ మీ జవాబు చెప్పండి.

ఇది ఊరికే ముద్దుచేయడం అనుకోవద్దు. కడుపులో ఉండగానే, చివరి నెలల్లో, బిడ్డ వినడం మొదలుపెడుతుంది. పుట్టిన కొద్ది రోజులకే తల్లి గొంతు ఏదో, వేరేవాళ్ల గొంతు ఏదో పోల్చుకుంటుంది. 1984లో కెనడాలో జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు హిందీలోని త, ట ధ్వనులను ఇంగ్లిష్ మాట్లాడే ఇళ్లలోని పసివాళ్లకు వినిపించారు. ఆరు నుంచి ఎనిమిది నెలల వయసులో చాలామంది ఆ తేడా పట్టేశారు. పది, పన్నెండు నెలలు వచ్చేసరికి పట్టగలిగినవాళ్లు కొద్దిమందే మిగిలారు. ఇంట్లో వినపడని తేడాను చెవి వదిలేసుకుంది. మన పిల్లలకు తాతకూ టాటాకూ మధ్య తేడా నిలబడేది కూడా ఆ నెలల్లోనే, మనం మాట్లాడితేనే. పుట్టినరోజు నాటికి వచ్చే మొదటి మాట వెనక ఏడాది పొడుగునా విన్న మాటలుంటాయి.

నాన్నలకు విడిగా ఒక మాట. పొద్దున్నే బండెక్కి రాత్రికి వచ్చే మగవాళ్లు "పెద్దయ్యాక నాతో కలుస్తాడులే" అంటుంటారు. అప్పటిదాకా మీ గొంతు వాడికి కొత్తగానే ఉండిపోతుంది. రాత్రి అన్నం పెట్టే పని మీరు తీసుకోండి.

పనికి అడ్డం రానివ్వండి

పిల్లను ఒకచోట కుదురుగా కూర్చోబెడితే గానీ పని తెమలదని అందరూ అనుకుంటారు. నేను అడ్డం రానివ్వమంటున్నాను. చిక్కుడుకాయలు ముందు పోసుకుని ఈనెలు తీస్తున్నప్పుడు రెండున్నరేళ్ల పిల్ల వచ్చి చాటలో చెయ్యి పెడుతుంది. తరమకండి, ఒక కాయ చేతికివ్వండి. ఈనె తీయడం రాదు గానీ కొస తుంచగలదు. తుంచిన ముక్క నోట్లో పెట్టుకుని ఉమ్మేసి "చేదు" అంటుంది. "పచ్చిది కదా, వగరుగా ఉంటుంది" అనండి. తీపి, కారం, చేదు పక్కన ఇంకో రుచికి పేరు దొరికింది. పుచ్చిన కాయ కనిపిస్తే పారేయకుండా విప్పి లోపలి పురుగును చూపించండి. ఎలా దూరింది, ఏం తింటోంది, దానికి అమ్మ ఉందా? ఈ ప్రశ్నలు తనే అడుగుతుంది. ఎండిన గింజలు ఒక గిన్నెలో, లేతవి ఒక గిన్నెలో వేయమంటే మొదట కలిపేస్తుంది, తర్వాత వేరుచేయడం మొదలెడుతుంది. ఇంకా, చాలు, మిగిలింది, అయిపోయింది, దీనికన్నా అది పెద్దది. లెక్కల చదువుకు పునాది ఈ మాటలే. ఎల్‌కేజీ వర్క్‌బుక్‌లో పెద్ద బంతికి టిక్ పెట్టమంటారు. ఇక్కడ పెద్ద కాయ ఏదో చేతికి బరువుతోనే తెలుస్తుంది.

కూర ఆలస్యమవుతుంది, నిజమే. కూలికి వెళ్లే తల్లికి ఆ ఆలస్యం భరించే వీలుండదు. చలికాలం చివర మొదలై ఎండలు ముదిరేదాకా సాగే మిరపకాయల కోతల్లో, తెల్లవారకముందే ఆటో ఎక్కి చీకటి పడ్డాక దిగే ఆడవాళ్లను ఇంకో పని చేయమనడానికి నోరు రాదు. వాళ్లు విడిగా టైం వెతుక్కోనక్కర్లేదు. పక్కలో పడుకోబెట్టుకున్నప్పుడు ఆ రోజు చేలో చూసింది చెప్పండి. నెమలి వచ్చిందని, ట్రాక్టరు బురదలో దిగబడిందని, మేస్త్రీ కోప్పడ్డాడని. కళ్లముందు లేనిదాన్ని మాటల్లో చూడటం నేర్చుకున్న పిల్లకు రేపు పుస్తకంలోని కథ అంత కొత్తగా ఉండదు. అలసిపోయి రెండు మాటలే చెప్పగలిగినా చాలు. ఇంట్లో ముసలివాళ్ల దగ్గర వదిలి వెళ్తున్నారనుకోండి, వాళ్లను టీవీ దగ్గర కాకుండా వాకిట్లో కూర్చోమనండి. వీధిలో పోయేవాళ్లను పలకరిస్తూ కూర్చునే నాయనమ్మ పక్కన పిల్లకు దొరికే మాటలు ఏ ప్లేస్కూలులోనూ దొరకవు.

ఇంటి భాష మార్చకండి

అన్నిటికన్నా పెద్ద గొడవ ఈ సలహా మీదే. తండా నుంచి వచ్చిన కుటుంబంలో అమ్మను యాడి అని పిలిచే పిల్లను ఖమ్మం రాగానే మమ్మీ అనమంటారు. అమ్మానాన్నలు వాళ్లలో వాళ్లు లంబాడీలోనే మాట్లాడుకుంటారు. పిల్లవైపు తిరగ్గానే భాష మారుతుంది. కమ్, సిట్, ఈట్, వాష్ హ్యాండ్స్, డోంట్ క్రై. అంతవరకే వాళ్ల దగ్గరున్న ఇంగ్లిష్. తెలుగులో అయితే ఇంకో నాలుగు మాటలు. అలా పెరిగే పిల్లకు ఇంట్లో రోజంతా వినపడేది రా, కూర్చో, తిను, ఏడవకు మాత్రమే. అరువు తెచ్చుకున్న భాషలో ఆజ్ఞలు ఇవ్వగలం గానీ కబుర్లు చెప్పలేం. పిల్ల ఏడుస్తుంటే ఎందుకేడుస్తోందో పది రకాలుగా అడగలేం. తాత చిన్నప్పుడు ఎద్దు తప్పిపోయిన సంగతి చెప్పలేం. అలిగితే బుజ్జగించలేం, మాటకు మాట అని నవ్వించలేం. మనసులోది మనసులో ఉన్నట్టే చెప్పగలిగే భాష ఏదో పిల్లతో ఆ భాషే మాట్లాడాలి, అది లంబాడీ అయినా, కోయ అయినా, గ్రానైట్ కార్మికుల ఇళ్లలోని భోజ్‌పురీ అయినా.

రెండు భాషలు వినిపిస్తే పిల్లలకు మాటలు ఆలస్యమవుతాయని, గందరగోళపడతారని ఒక భయం ఉంది. అది నిజం కాదు. ప్రపంచంలో చాలా చోట్ల పిల్లలు రెండు మూడు భాషల మధ్యే పెరుగుతున్నారు. ఒక మాట ఈ భాషలోది, ఒక మాట ఆ భాషలోది కలిపి మాట్లాడతారు, కొన్నాళ్లకు ఎవరితో ఏది మాట్లాడాలో వాళ్లే వేరుచేసుకుంటారు. రెండేళ్ల పిల్లకు ఎన్ని మాటలు వచ్చో లెక్కపెట్టేటప్పుడు రెండు భాషల మాటలూ కలిపి లెక్కపెట్టాలి. తెలుగు మాటలు మాత్రమే లెక్కపెట్టి "ఈ పిల్ల వెనకబడింది" అనేవాళ్ల తీర్పును పట్టించుకోకండి.

భద్రాచలం దాటి దుమ్ముగూడెం, చర్ల వైపు వెళ్తే ఇదే సంగతి ఇంకో రూపంలో కనిపిస్తుంది. కోయ గోండికి దగ్గరి భాష. తెలుగు కుటుంబానికి చెందినదే అయినా మూడేళ్ల పిల్లకు ఆ చుట్టరికం అక్కరకు రాదు. ఇంట్లో ఆపకుండా మాట్లాడే పిల్ల బడిలో టీచరు మాట అర్థంకాక మూగదైపోతుంది. అది మందబుద్ధి అనుకున్న రోజులు చాలా గడిచాయి. ఛత్తీస్‌గఢ్ నుంచి అడవి దాటి వచ్చిన గొత్తికోయల పిల్లలకైతే చుట్టూ ఉన్న కోయ మాట కూడా కొంత కొత్తే. ఉమ్మడి రాష్ట్రంలో 2004 ప్రాంతంలో ఎనిమిది భాషల పిల్లలకు వాళ్ల భాషలోనే వాచకాలు తయారుచేసి బడి మొదలుపెట్టిన ప్రయత్నం ఒకటి జరిగింది. అందులో కోయ, లంబాడీ, గోండి, కొలామీ, సవర ఉన్నాయి. దానికి ఎంతో ముందే పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి పంతులు సవర భాష నేర్చుకుని, ఆ భాషలో పుస్తకాలు రాసి, సవర పిల్లలకు వాళ్ల మాటలోనే చదువు చెప్పించారు. వ్యావహారిక తెలుగు కోసం పోరాడిన మనిషిగా ఆయనను తలుచుకుంటాం. సవర పిల్లల కోసం చేసిన పని నాకు అంతకంటే చిన్నదిగా కనిపించదు. 2020 జాతీయ విద్యావిధానం కూడా చిన్న తరగతుల్లో వీలైనంతవరకు ఇంటి భాషలో చదువు చెప్పాలనే అంటోంది.

తల్లిదండ్రుల భయం మాత్రం ఊహ కాదు. బస్సులో, బడిలో, ఆసుపత్రిలో తమ మాటను చూసి నవ్వినవాళ్లు వాళ్లకు గుర్తున్నారు. తమ పిల్లకు ఆ అవమానం వద్దనుకుంటారు. ఆ కోరికను గౌరవిస్తూనే ఒకటి చెప్పాలి. తెలుగు వీధిలో వస్తుంది, ఇంగ్లిష్ బడిలో వస్తుంది. మీ భాష మాత్రం మీ నోటి నుంచి తప్ప ఇంకెక్కడి నుంచీ రాదు.

తెలుగిళ్లకూ ఇదే వర్తిస్తుంది. "ఏంది", "గట్లనే", "పిలగాడు" అనే ఖమ్మం మాటను కడిగేసి టీవీ యాంకరు తెలుగు పెట్టబోయే తల్లిదండ్రులు పిల్లను నాయనమ్మ నుంచి దూరం చేస్తున్నారు.

తప్పు మాట్లాడితే దిద్దకండి

రెండేళ్ల బాబు గుమ్మం దగ్గర నిలబడి "నాన్న వచ్చింది" అంటాడు. "వచ్చింది కాదు, వచ్చాడు అనాలి. ఏదీ, అను" అని నిలబెట్టి అనిపిస్తారు. వాడు చెప్పదలచుకున్న వార్త అక్కడే ఆగిపోతుంది. "అవును, నాన్న వచ్చాడు! బండి చప్పుడు విన్నావా?" అని చూడండి. సరైన మాట వాడి చెవిలో పడింది, కబురూ ముందుకు సాగింది. ర పలకక ల పలికినా అంతే. మీరు సరిగ్గా పలికి, అసలు సంగతికి జవాబివ్వండి. పెద్దవాళ్లు ముద్దుకోసం వాడిలాగే పలకడం మాత్రం వద్దు, సరైన రూపం వినపడకుండా పోతుంది.

చుట్టాల ముందు "అంకుల్‌కి రైమ్ చెప్పు, వన్ టూ చెప్పు" అని నిలబెట్టడం కూడా మానేయండి. పిల్ల మొహం కిందికి దించుకుంటుంది, మీరు చిన్నబుచ్చుకుంటారు, చుట్టాలు "సిగ్గెక్కువ" అంటారు. మాట అంటే పరీక్ష అని ఆ పిల్లకు ఆ రోజు తెలుస్తుంది. దానికి బదులు వచ్చినవాళ్లకు మంచినీళ్లు ఇవ్వమనండి. గ్లాసు పట్టుకెళ్లిన పిల్ల తనంతట తనే రెండు మాటలు మాట్లాడి వస్తుంది.

అక్షరాభ్యాసం చేయించండి, మర్నాడు పలక దాచేయండి

బాసర వెళ్లండి, వసంత పంచమికి వెళ్లలేకపోతే ఇంట్లోనే బియ్యంలో రాయించండి. ఆ ముచ్చట ఎవరూ వదులుకోనక్కర్లేదు. కానీ ఆ మర్నాటి నుంచే మూడేళ్ల పిల్ల చెయ్యి పట్టుకుని అఆలు దిద్దించడం వద్దు. మణికట్టులోని చిన్న ఎముకలు ఇంకా గట్టిపడని వయసది. వేళ్లకు బలం రావాల్సింది పలక మీద కాదు. చపాతీ పిండి పిసకడం, తడి మట్టితో పొయ్యి చేయడం, ముగ్గుపిండి చిటికెతో వదలడం, బంతిపూలు దారానికి గుచ్చడం, బొత్తాలు పెట్టుకోవడం. ఇవన్నీ రాతకు ముందు రావాలి.

చదువుకు చెవిని సిద్ధం చేయొచ్చు. పేరు చెప్పి చప్పట్లు కొట్టే ఆట ఆడండి. 'ఈగ'కు రెండు చప్పట్లు, 'ఉడత'కు మూడు, 'మిరపకాయ'కు అయిదు. మన లిపిలో ఒక్కో పలుకుకూ ఒక్కో అక్షరం రాస్తాం కాబట్టి, మాటను పలుకులుగా విడగొట్టడం ఆటలో అలవాటైన పిల్లకు తర్వాత అక్షరాలు కుదురుతాయి. 'క'తో మొదలయ్యేవి వంటింట్లో ఏమున్నాయో వెతకమనండి. చదువు రాని అమ్మమ్మ కూడా ఈ ఆట ఆడించగలదు. బొమ్మల పుస్తకం ఒడిలో పెట్టుకుని అక్షరం చదవకుండానే కథ అల్లగలదు. ఒకే కథను మళ్లీ మళ్లీ చెప్పమంటే విసుక్కోవద్దు. తర్వాత ఏం జరుగుతుందో ముందే తెలుసన్న ధైర్యంతోనే పిల్ల మధ్యలో మాట అందుకుంటుంది. కొన్నాళ్లకు కథ తనే చెబుతుంది.

అన్నం తినకపోయినా సరే, ఫోన్ పెట్టకండి

"ఫోన్ లేకపోతే ముద్ద దిగదు" అనే ఇల్లు లేని వీధి లేదు. ఒక పూట తినకపోతే తినకపోనివ్వండి. ఆకలేస్తే తింటుంది. జ్వరం, విరేచనాలు, బరువు తగ్గడం ఉంటే అది వేరు, డాక్టరు దగ్గరికి వెళ్లండి. లేనప్పుడు భయపడకండి. ఫోన్ చూస్తూ తిన్న పిల్లకు ఏం తిన్నదో తెలియదు, కడుపు నిండిందో తెలియదు, ఎదురుగా కూర్చుని ముద్ద పెడుతున్న మనిషి మొహం తెలియదు. రోజుకు మూడు పూటలు, పూటకు అరగంట. ఇంట్లో మాటలకు అంతకంటే మంచి సమయం ఇంకేదీ లేదు, దాన్నే తెరకు అప్పజెబుతున్నాం.

రైమ్స్ వింటే భాష వస్తుంది కదా అని అడుగుతారు. దీన్ని పరీక్షించి చూసినవాళ్లున్నారు. అమెరికాలో సియాటిల్‌లో ప్యాట్రీషియా కుహ్ల్ బృందం తొమ్మిది నెలల పిల్లలకు చైనా భాష వినిపించింది. కొందరికి మనిషే ఎదురుగా కూర్చుని బొమ్మలు చూపిస్తూ చదివి వినిపించింది. కొందరికి అదే మనిషిని వీడియోలో చూపించారు. మొత్తం పన్నెండు సార్లు. మనిషి ఎదురుగా ఉన్న పిల్లలు ఆ భాష ధ్వనుల తేడాను పట్టుకున్నారు. వీడియో చూసిన పిల్లలు పట్టుకోలేదు. ఆ ఫలితాలు 2003లో వచ్చాయి. తెర పిల్ల కళ్లలోకి చూడదు, పిల్ల వేలు చూపించిన వైపు తిరగదు, పిల్ల 'ఊఁ' అంటే ఆగదు. ఏడాదిలోపు పిల్లలకు తెర అసలే వద్దని, రెండు నుంచి నాలుగేళ్ల వాళ్లకు రోజుకు గంట దాటకూడదని, అంతకన్నా తక్కువైతే ఇంకా మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది. దుబాయ్‌లో ఉన్న నాన్నతో వీడియో కాల్ మాత్రం మానొద్దు. అక్కడ జవాబిచ్చే మనిషి ఉన్నాడు. పక్కన మీరు కూర్చుని "నాన్న ఏం అడిగాడు?" అని కలపండి.

ఎవరూ చూడని టీవీ కట్టేయండి. వెనక మోగుతూ ఉంటే ఇంట్లోవాళ్లు పిల్లతో తక్కువ మాట్లాడతారు. ఇంట్లో ఒక్క రోజు కట్టేస్తే మీకే తెలుస్తుంది.

అంగన్‌వాడీకి పంపండి

ఫీజు కట్టగలిగినవాళ్లు అంగన్‌వాడీకి ఎందుకు పంపుతారని అడుగుతారు. మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు ఆటపాటలతో చదువు చెప్పాలన్నది 1975 అక్టోబర్ 2న మొదలైన, అంగన్‌వాడీలను నడిపే ఐసీడీఎస్ పథకం మొదటి ఉద్దేశాల్లో ఒకటి. తెలంగాణలో 35,700 అంగన్‌వాడీ కేంద్రాలున్నాయి. కేంద్రం ఇంటి నుంచి నడిచి వెళ్లేంత దూరంలో ఉంటుంది, టీచరు ఆ వీధి మనిషే అయి ఉంటుంది, పిల్ల అమ్మను, అమ్మమ్మను పేరు పెట్టి పిలుస్తుంది. గుడ్డుతో అన్నం పెడతారు. హోంవర్కు ఉండదు, టై ఉండదు, కిక్కిరిసిన ఆటోలో గంటసేపు ప్రయాణం ఉండదు. మూడేళ్ల పిల్లకు ఇవన్నీ లాభాలే.

లోపాలు నాకు తెలుసు. చాలాచోట్ల ఇరుకైన అద్దె గది, ఆడుకునే స్థలం లేదు. టీచరు పొద్దంతా రిజిస్టర్లు రాయడం, ఫోన్‌లో పోషణ్ ట్రాకర్ యాప్ నింపడంలో మునిగిపోతుంది. చాలా ఇళ్లు అది తిండి పెట్టే చోటే అనుకుని పిల్లలను మానిపించడం వల్ల కూడా అది తిండి పెట్టే చోటుగానే మిగిలిపోతోంది. చదువుకున్న తల్లులు తమ పిల్లలను పంపి, నెలకోసారి వెళ్లి కూర్చుని, బొమ్మలేవీ, పాటలేవీ, ఈ రోజు పిల్లలతో ఏం మాట్లాడించారని అడిగితే కేంద్రం మారుతుంది. టీచరుకు మీ ఇంటి భాషలో పది మాటలు నేర్పండి. నీళ్లు, ఆకలి, ఒంటికి, అమ్మ వస్తుంది, నొప్పి. కోయ పిల్ల, లంబాడీ పిల్ల మొదటి వారం ఏడవకుండా ఉండటానికి ఆ పది మాటలే దిక్కు.

"ఆగండి, అవే వస్తాయి" అనే పెద్దల మాట వినకండి

పెద్దల మాట చద్దిమూట అనే ఊళ్లో ఇలా రాయడం చాలామందికి నచ్చదు. మగపిల్లాడికి మాటలు ఆలస్యమే, వాళ్ల నాన్నకూ నాలుగేళ్లకే వచ్చాయి, మేనమామ పోలిక, కంగారు పడొద్దు అంటారు. ప్రేమతోనే అంటారు. కానీ ఆ ఓదార్పుతో రెండేళ్లు గడిచిపోతే, వినపడని పిల్లకు ఆ రెండేళ్లూ ఎవరూ తిరిగి ఇవ్వలేరు. వసకొమ్ము అరగదీసి నాకించడం మన దగ్గర బాగా అలవాటు. మాటలు త్వరగా వస్తాయని నమ్మకం. వసలో ఉండే బీటా-అసరోన్ అనే పదార్థం వల్ల జంతువుల్లో కణుతులు రావడంతో అమెరికా 1968లోనే దాన్ని ఆహార పదార్థాల్లో నిషేధించింది. పసికందు నాలుక మీద పెట్టాల్సింది కాదది. నాలుక కింద నరం ఉందని కోయించడం వల్ల కూడా రాని మాటలు రావు. కొన్ని శబ్దాల ఉచ్చారణకు అది అడ్డు కావచ్చు, మాట పుట్టడానికి కాదు. చెవి కారుతుంటే కాచిన నూనె పోయడం అన్నిటికన్నా ప్రమాదం.

చూడాల్సినవి ఇవి. ఆరు నెలలు దాటినా చప్పుడు వైపు తల తిప్పకపోవడం. ఏడాది నిండినా బాబ్బాబ్బా, దద్దద్దా అనకపోవడం, వేలితో చూపించకపోవడం, టాటా చెప్పకపోవడం. పదహారు నెలలకు ఒక్క మాటా లేకపోవడం. రెండేళ్లకు "అమ్మ రా", "పాలు కావాలి" లాంటి రెండు మాటల జత తనంతట తనే కలపకపోవడం. ఏ వయసులోనైనా వచ్చిన మాటలు పోవడం, పిలిస్తే పలకడం మానేయడం. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా పుట్టినరోజు దాకా, పండగ దాకా ఆగొద్దు.

ఎక్కడికి వెళ్లాలో తెలియకపోతే ముందు అంగన్‌వాడీ టీచరుకు చెప్పండి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద డాక్టర్ల బృందం ఏడాదికి రెండుసార్లు అంగన్‌వాడీలకు వచ్చి పిల్లలను చూడాలి. అవసరమైతే పిల్లల ఎదుగుదల లోపాలను చూసే, జిల్లా స్థాయిలోని డీఈఐసీ కేంద్రానికి పంపాలి. బృందం వచ్చేదాకా ఆగలేమనుకుంటే మీరే జిల్లా ఆసుపత్రికి తీసుకెళ్లండి. మాటల పరీక్ష కన్నా ముందు చెవుల పరీక్ష చేయమని అడగండి. అరిస్తే తిరిగి చూస్తున్నాడు కాబట్టి వినపడుతున్నట్టేనని ఇంట్లో అనుకోవచ్చు, గట్టి చప్పుళ్లు మాత్రమే వినపడుతూ మెల్లని మాట వినపడని పిల్లలు చాలామంది ఉంటారు. పుట్టినప్పుడు ఏడ్చాడా, కామెర్లు ఎన్ని రోజులున్నాయి, పెట్టెలో పెట్టారా, చెవి ఎన్నిసార్లు కారింది, ఇంట్లో ఏ భాష మాట్లాడతారు, ఇప్పటిదాకా అన్న మాటలు ఏవి, ఇవన్నీ ఒక కాగితం మీద రాసుకుని వెళ్లండి. మీ భాషలో అన్నవి కూడా అందులో రాయండి. వినికిడి లోపం తేలితే మిషన్ పెట్టించడం వాయిదా వేయొద్దు, చుట్టాలు ఏమంటారోనని దాచొద్దు. కాక్లియర్ ఇంప్లాంట్ అవసరమైన పిల్లలకు ఖర్చు భరించే ప్రభుత్వ పథకాలున్నాయి, కానీ వాటికి వయసు పరిమితి ఉంటుంది. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండలంలో ఉండే భవిత కేంద్రంలో మీ బిడ్డ పేరు రాయించండి, ఫిజియోథెరపీ, మాటల శిక్షణ ఏ రోజుల్లో ఉంటాయో అడిగి తెలుసుకోండి. ఆ రోజు కూలి పోయినా అమ్మానాన్నల్లో ఒకరు పక్కన కూర్చుని, అక్కడ చేయించినవి చూసి నేర్చుకుని, ఇంటికొచ్చాక స్నానం దగ్గర, అన్నం దగ్గర అవే చేయించండి.